కుడి చెవి అక్కది

2012 మే నెల. ఎంసెట్ రాసేశాను, ర్యాంకు రావాలి. అక్క బీఎస్సీ ఆఖరి పరీక్షలు ముగించుకుని, హాస్టల్ ఖాళీ చేసి, రాజమండ్రి నుంచి కాకినాడ వచ్చేసింది. డల్లాస్‌లో ఉన్న మా పెద్దమ్మగారి అబ్బాయి ఆ వారమే స్టీమ్‌లో, అంటే కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ షాపులో, నాకొక గేమ్ కొని గిఫ్ట్‌గా పంపాడు. 'ఆమ్నీషియా: ది డార్క్ డిసెంట్'. దాంతోపాటు ఒక్క లైను మెసేజ్: "రాత్రిపూట ఆడు, లైటు తీసేసి ఆడు."

మా బీఎస్‌ఎన్‌ఎల్ ప్లాన్‌లో రాత్రి రెండు నుంచి పొద్దున్న ఎనిమిది దాకా ఎంత డౌన్‌లోడ్ చేసుకున్నా లెక్కలోకి వచ్చేది కాదు. ఆ ప్లాన్ ఉన్న ఇళ్ళల్లో కుర్రాళ్ళు రెండింటికి అలారం పెట్టుకుని లేవడం అప్పట్లో మామూలే. లేచి, మోడెం లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసి, డౌన్‌లోడ్ నొక్కి మళ్ళీ పడుకోవడం, ఎనిమిది కాకముందే ఆపేయడం. అలా వచ్చింది ఆ గేమ్ మా ఇంటికి. ఇప్పుడైతే కాఫీ తాగేలోపు దిగిపోతుంది. కానీ నిద్ర లేచి తెచ్చుకున్న వస్తువు మీద ఉండే ఇష్టం వేరు.

గేమ్ మొదలవగానే ఒక మాట చెబుతుంది. దీన్ని గెలవడానికి ఆడకండి, ఈ లోకంలో, ఈ కథలో మునిగిపోండి అని. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోమంటుంది. తెర ఎంత చీకటిగా ఉండాలో అది చెప్పినట్టే సరిచేసుకోమంటుంది. అప్పటిదాకా నేను ఆడినవి వైస్ సిటీ, కౌంటర్ స్ట్రైక్, నీడ్ ఫర్ స్పీడ్. గెలవడం ముఖ్యం కాదని ఒక గేమే నాతో చెప్పడం అదే మొదటిసారి.

స్పీకర్లు పెడితే పక్క గదిలో నాన్నకి నిద్ర చెడుతుంది. ఇంట్లో పనిచేసే ఇయర్‌ఫోన్స్ ఒక్కటే జత. ఎడమ చెవిది నేను పెట్టుకున్నాను, కుడి చెవిది అక్క పెట్టుకుంది. మౌస్, కీబోర్డు నావి. చదవడం అక్కది. ఆ కోట నిండా పాత కాలపు ఇంగ్లీషులో రాసిన డైరీలు, ఉత్తరాలే. అవి చదివి నాకు తెలుగులో చెప్పడానికి అక్క ఉండాల్సిందే.

కథ 1839 ఆగస్టులో జరుగుతుంది. అప్పటి జర్మన్ రాజ్యం ప్రష్యాలో, అడవి మధ్యన బ్రెన్నెన్‌బర్గ్ అనే కోట. డేనియల్ అనే లండన్ యువకుడు రాతి నేల మీద పడి లేస్తాడు. తన పేరు, మేఫెయిర్‌లో ఉంటానన్న సంగతి, ఇలా రెండు మూడు విషయాలు తప్ప ఏమీ గుర్తులేదు. నేల మీద గులాబీ రేకులు, ఒలికిన ద్రవం చారికలు. ఆ చారికల వెంట వెళ్తే ఒక ఉత్తరం దొరుకుతుంది. రాసింది డేనియలే, తనకి తనే. కావాలనే మరపు మందు తాగానని, కోట లోపలి మందిరంలో అలెగ్జాండర్ అనే ముసలాయన ఉంటాడని, వెళ్ళి అతన్ని చంపమని, ఒక నీడ తన వెంట పడుతోందని, దాంతో పోట్లాడలేమని, పారిపోవడమే దారని అందులో ఉంటుంది.

అక్క ఆ ఉత్తరం మళ్ళీ మొదటినుంచీ చదివింది. "వీడేదో పెద్ద తప్పే చేశాడ్రా. లేకపోతే కావాలని ఎవడైనా మర్చిపోతాడా?" అంది. అప్పటికి మేము ఆ కోటలో నాలుగు గదులు కూడా తిరగలేదు.

ఈ గేమ్ చేసింది అప్పట్లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బర్గ్‌లో ఉన్న ఫ్రిక్షనల్ గేమ్స్ అనే చిన్న కంపెనీ. థామస్ గ్రిప్, యెన్స్ నిల్సన్ దాని వ్యవస్థాపకులు. 2010 సెప్టెంబర్ 8న విడుదలైంది. అంతకుముందు వాళ్ళు 'పెనంబ్రా' అనే గేమ్స్ చేశారు. ఆమ్నీషియాలో కత్తి లేదు, తుపాకీ లేదు, రాయి తీసి కొట్టినా శత్రువుకి ఏమీ కాదు. చేతిలో ఒక లాంతరు, దానికి అక్కడక్కడ దొరికే నూనె, కొవ్వొత్తులూ కాగడాలూ వెలిగించుకోవడానికి అగ్గిపెట్టెలు. అంతే.

వెలుతురు విషయంలోనే ఉంది దాని గొప్పతనమంతా. చీకట్లో ఎక్కువసేపు ఉంటే డేనియల్‌కి మతి చెదురుతుంది. తెర ఊగుతుంది, పళ్ళు కొరుకుతున్న చప్పుడు వస్తుంది, తెర మీద పురుగులు పాకుతాయి. పోనీ లాంతరు వెలిగిద్దామంటే నూనె అయిపోతుంది, పైగా ఆ వెలుగులో కోటలో తిరిగేవి మనల్ని చూస్తాయి. వాటిని మనం చూసినా మతి చెదురుతుంది. అంటే దాక్కోవాలంటే చీకట్లోనే దాక్కోవాలి, గోడవైపు తిరిగి నిలబడాలి, అది వెళ్ళిపోయిందో లేదో చెవులతోనే తెలుసుకోవాలి. సంచి తెరిస్తే డేనియల్ స్థితి మాటల్లో కనిపిస్తుంది. మొదట అంతా స్పష్టంగా ఉందంటుంది. తర్వాత కొంచెం తలనొప్పి అంటుంది. ఆ తర్వాత తల పోటెత్తుతోంది, చేతులు వణుకుతున్నాయి అంటుంది. ఇంకా దిగజారితే మాటలే ఉండవు, మూడు చుక్కలు మాత్రమే. ఆ మూడు చుక్కలు చూసినప్పుడల్లా అక్క "ముందు ఒక కొవ్వొత్తి వెలిగించరా బాబూ" అనేది. నిజంగా పక్కన మనిషికి బాగోలేనట్టే అనేది.

తలుపుల గురించి చెప్పాలి. మిగతా గేమ్స్‌లో తలుపు దగ్గర ఒక బటన్ నొక్కితే తెరుచుకుంటుంది. ఇక్కడ మౌస్ నొక్కి పట్టుకుని చేత్తో లాగాలి, లేదా తొయ్యాలి. సొరుగులూ అంతే, బీరువాలూ అంతే. మెల్లగా లాగితే మెల్లగా తెరుచుకుంటుంది, కిర్రుమంటుంది. ఎంత తెరవాలో తేల్చుకోవాల్సింది నా చెయ్యే. ఒక బెత్తెడు తెరిచి తొంగి చూసి మళ్ళీ మూసేయొచ్చు. ఎన్ని తలుపుల దగ్గర అలా ఆగిపోయామో! భయపెట్టే సినిమాలో తలుపు ఎవరో ఒకరు తెరిచేస్తారు, మనం కళ్ళు మూసుకుంటే సరిపోతుంది. ఇక్కడ నేను తెరవకపోతే అది తెరుచుకోదు, తెల్లారేదాకా అలాగే ఉంటుంది. ఇన్నేళ్ళలో చాలా హారర్ గేమ్స్ ఆడాను గానీ, భయాన్ని ఇంత తిన్నగా ఆడేవాడి అరచేతిలో పెట్టింది నాకు ఇంకొకటి కనిపించలేదు.

ఇక చెవుల సంగతి. గేమ్‌లో చప్పుడు ఏ వైపు నుంచి వస్తే ఆ చెవిలో గట్టిగా వినిపిస్తుంది. ఎడమ వైపు ప్రపంచం నాకు, కుడి వైపు ప్రపంచం అక్కకి. ఎడమ పక్క వసారాలో అడుగుల చప్పుడైతే నాకు తెలిసేది, అక్కకి దాదాపు ఏమీ తెలిసేది కాదు. తన వైపు మూలుగు వినిపిస్తే అక్క నా మోకాలి మీద ఒకసారి తట్టేది. దగ్గరికొస్తుంటే తట్టడం పెరిగేది. మాట్లాడితే ఆ చప్పుడు వినపడదని మేము పెట్టుకున్న పద్ధతి అది. నేను మెల్లగా మౌస్ తిప్పుతూ ఉంటే ఒక దశలో ఇద్దరికీ సమానంగా వినిపిస్తుంది, అంటే అది సరిగ్గా ఎదురుగా ఉందనో వెనకాల ఉందనో అర్థం. ఆ క్షణం ఇద్దరం ఒకేసారి ఊపిరి బిగబట్టేవాళ్ళం. తర్వాత మంచి హెడ్‌ఫోన్స్ కొనుక్కుని ఒక్కడినే ఆడి చూశాను. ధ్వని ఎంతో బాగుంది. ఫిన్లాండ్‌కి చెందిన మికో టార్మియా ఇచ్చిన సంగీతంలో అప్పుడు పట్టుబడని పొరలు చాలా వినిపించాయి. కానీ రెండు చెవులూ నావే అయినప్పుడు, వినడానికి ఇంకొకరి మీద ఆధారపడే ఆ టెన్షన్ రాలేదు.

కోటలో తిరిగే రాక్షసుల్ని తిన్నగా చూడకూడదు కాబట్టి ఆ వేసవంతా మేము దేన్నీ సరిగ్గా చూడలేదు. దాని దవడ ఊడి వేలాడుతోందని నేనంటాను. అసలు దానికి మొహమే లేదని అక్క అంటుంది. అది పట్టుకుని చంపేస్తే మళ్ళీ కాస్త వెనక నుంచి మొదలవుతుంది. అయితే తిరిగి అదే చోటికి వెళ్తే కొన్నిసార్లు అది అక్కడ ఉండదు. తెలిసిన దారే కదా అని ధైర్యం తెచ్చుకుంటే, ఆ ధైర్యానికి ఆధారమే ఉండదు. భయం అలవాటైపోకూడదని కావాలనే అలా చేశారని తర్వాత చదివి, ఎంత ఆలోచించారో అనుకున్నాను.

అక్కకి ఆ గేమ్‌లో బాగా నచ్చింది ప్రయోగశాల. ఒకచోట తలుపుకి అడ్డంగా ఎర్రగా మాంసం ముద్దలాంటిది పెరిగి ఉంటుంది. దాన్ని కరిగించాలంటే నాలుగు రసాయనాలు వెతికి తెచ్చి కలపాలి: ఆర్పిమెంట్, క్యూప్రైట్, కాలమైన్, ఆక్వా రీజియా. ఆ పేర్లు తెర మీద కనపడగానే అక్క కుర్చీలో ముందుకి జరిగింది. ఆర్పిమెంట్ ఆర్సెనిక్ ఖనిజమని, క్యూప్రైట్ రాగిదని, కాలమైన్ జింక్‌దని, అమ్మ మనకి చెమటకాయలకి రాసే గులాబీ రంగు లోషన్ అదేనని వరసగా చెప్పేసింది. "ఆక్వా రీజియాని ఇలా సీసాలో దాచిపెట్టుకోరురా, కలిపిన కాసేపటికే విడిపోతుంది, ఎప్పటికప్పుడు చేసుకోవాలి" అని కాస్త కోపంగా కూడా అంది. ఆ సీసాల కోసం వైన్ సెల్లార్‌లోకి దిగాలి. నేను మెట్ల దగ్గర ఆగిపోతే "పద, ఇంకొకటే కావాలి" అని నన్ను తోసింది అక్కే. దెయ్యాల సినిమా వస్తుంటే గదిలోంచి లేచి వెళ్ళిపోయే మనిషిని కెమిస్ట్రీ ఆ నేలమాళిగలోకి నడిపించింది.

తర్వాత వచ్చేది నీళ్ళు. ఈ గేమ్ ఆడిన ఎవరిని అడిగినా ముందు ఆ భాగమే చెబుతారు. మోకాళ్ళ లోతు నీళ్ళు నిండిన గదులు. నీళ్ళల్లో ఏదో ఉంది, కానీ కనిపించదు. అది నడిస్తే నీటి మీద అడుగులు పడతాయి, చెరువులో కనపడని గేదె ఒకటి దిగి మనవైపే వస్తున్నట్టు. పెట్టెల మీదికి ఎక్కితే అది ఏమీ చెయ్యలేదు. ఒక పెట్టె మీంచి ఇంకో పెట్టె మీదికి గెంతుకుంటూ పోవాలి. దొరికిన మాంసం ముక్కలు దూరంగా విసిరితే అటు పోతుంది, ఆ కాస్త వ్యవధిలో నీళ్ళల్లోకి దిగి పరిగెత్తాలి. చివర్లో పొడుగాటి దారి, వరసగా తలుపులు. ఒక్కొక్కటీ తెరిచి, దాటి, వెనక మూసి మళ్ళీ పరిగెత్తాలి. మూసిన తలుపుల్ని అది బద్దలు కొట్టుకుంటూ వస్తుంది. తలుపు చేత్తో లాగే ఆ పద్ధతి ఎందుకు పెట్టారో అక్కడ తెలుస్తుంది. కంగారులో తొయ్యాల్సిన తలుపుని లాగుతాం. ఆ రాత్రి అక్క నా భుజం పట్టుకున్న చోట పొద్దున్న లేచేసరికి గోళ్ళ గుర్తులున్నాయి.

ఆ ఏడాది ఎండాకాలం కరెంటు కోతలు గుర్తున్నవాళ్ళు ఉంటారు. పగలు, రాత్రి తేడా లేకుండా పోయేది. సరిగ్గా ఆటలో ఉన్నప్పుడు ఫ్యాన్ ఆగిపోయి, కిటికీ బయట వీధి మొత్తం నల్లబడి, యూపీఎస్ కీచుమని అరవడం మొదలుపెట్టేది. ఆ ఇంట్లో, ఆ వీధిలో వెలుగుతున్నది మా మానిటర్ ఒక్కటే, అందులోనూ చీకటే. "సేవ్ చెయ్యి, సేవ్ చెయ్యి" అని అక్క గుసగుసగా తొందరపెట్టేది. సేవ్ చేసి, కంప్యూటర్ ఆపి, చాపలు పట్టుకుని డాబా మీదికి వెళ్ళేవాళ్ళం. అక్కడ గాలి వచ్చేది, దోమలూ వచ్చేవి. కరెంటు వచ్చేదాకా డేనియల్ గురించే మాటలు. అల్జీరియాలో ఒక సమాధిలోంచి ఒక వింత గోళాన్ని ఎందుకు తెచ్చాడు, అలెగ్జాండర్ అసలు మనిషేనా, నీడ అంటే ఏంటి, ఇవే.

విసనకర్రతో పక్కన కూర్చున్న అమ్మ ఒకరోజు "ఎవర్రా ఈ అలెగ్జాండరు?" అని అడిగింది. అక్క మొదటినుంచీ కథంతా చెప్పింది. మా అక్క కథ చెబితే కూర్చుని వినాల్సిందే. మర్నాటి నుంచి పొద్దున్న ఇడ్లీ పెడుతూ "ఏమైంది, ఆ పిల్లాడికి ఏమైనా గుర్తొచ్చిందా?" అని అమ్మే అడిగేది. ఒక్క బొమ్మ కూడా చూడకుండా అమ్మకి ఆ కోటలో గదుల వరస తెలిసిపోయింది.

అయితే ఒక దశ దాటాక అక్క అమ్మకి కొన్ని చెప్పడం మానేసింది. కోట లోపలికి వెళ్తున్నకొద్దీ డేనియల్‌కి గతం గుర్తొస్తుంది. తన వెంట పడిన నీడని ఆపడానికి విటే అనే ద్రవం కావాలి. దాన్ని మనుషుల బాధలోంచి తీస్తారు. ఎంత బాధపెడితే అంత. అలెగ్జాండర్ దానికోసం ఖైదీలని చిత్రహింసలు పెడుతుంటాడు, డేనియల్ అతనికి సాయం చేశాడు. అలవాటుపడిపోతే బాధ తగ్గిపోతుందని, ఆ ఖైదీలకి మరపు మందు తాగించేవారు, ప్రతిసారీ బాధ కొత్తగా ఉండేలా. తర్వాత డేనియల్ తాగింది ఆ మందే. తప్పించుకుని పారిపోతున్న ఒక చిన్నపిల్లని అతను వెంటాడి చంపడం మనం వింటాం. చూడం, వింటాం.

హింసల గదుల్లోకి వెళ్ళినప్పుడు అక్కడేమీ ఉండదు. ఖాళీ గది, మధ్యలో ఒక పరికరం. లోపల మనిషిని పెట్టి కింద మంట పెట్టే ఇత్తడి ఎద్దు ఒక గదిలో. దగ్గరికి వెళ్తే అక్కడ జరిగింది వినపడుతుంది, అంతే. అక్క తన ఇయర్‌ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టేసింది. "నువ్వు ఆడు, నేను ఇక్కడే కూర్చుంటా" అంది. కుడి వైపు ఏముందో తెలియకుండా ఆ భాగమంతా ఆడాను. అంతకుముందు పరిగెత్తించిన రాక్షసులన్నీ కలిపినా ఆ ఖాళీ గదులంత భయం వెయ్యలేదు. ఈ గేమ్ ఆడుతూ కేకలు పెట్టే వీడియోలు యూట్యూబ్‌లో లక్షలమంది చూశారు, చాలామందికి ఇది దాంతోనే తెలుసు. వాటిల్లో ఎగిరిపడటమే ఉంటుంది. ఆ గదుల దగ్గర ఎవరూ ఎగిరిపడరు. అందుకే ఆ వీడియోలు చూసి గేమ్ ఇంతేనని అనుకునేవాళ్ళతో ఇప్పటికీ వాదిస్తుంటాను.

చివరికి లోపలి మందిరం. అలెగ్జాండర్ తన లోకానికి వెళ్ళిపోవడానికి ద్వారం తెరుస్తుంటాడు. మన సంచిలో అగ్రిప్పా అనే పండితుడి తల ఉంది, ఇంకా బతికే ఉంది, మాట్లాడుతుంది. మూడు ముగింపులున్నాయి. స్తంభాలు పడదోసి ద్వారాన్ని ఆపేస్తే డేనియల్ కోట బయటికి నడిచి వెళ్ళిపోతాడు. అగ్రిప్పా తలని ద్వారంలోకి విసిరితే, డేనియల్‌ని నీడ తీసుకున్నాక కూడా అతన్ని కాపాడమని అగ్రిప్పా అడగడం వినిపిస్తుంది. ఏమీ చెయ్యకుండా నిలబడితే అలెగ్జాండర్ వెళ్ళిపోతాడు, డేనియల్ నీడకి దక్కుతాడు. నేను స్తంభాలు పడదోశాను. డేనియల్ బయటికి వస్తుంటే నాకు ఏడుపొచ్చినంత పనైంది. అక్క మాత్రం ఒప్పుకోలేదు. "ఆ పిల్లని చంపినవాడు మందు తాగేసి, ముసలాణ్ణి ఆపేసి, నేను శిక్ష అనుభవించేశానని వెళ్ళిపోతాడా? మళ్ళీ లోడ్ చెయ్యి. ఏమీ చెయ్యకుండా నిలబడు." నిలబడ్డాను. మూడోది కూడా చూశాం. ఏది సరైనదో తేలలేదు.

ర్యాంకు వచ్చింది, కంప్యూటర్ సైన్స్‌లో చేరాను. ఆ గేమ్ ఫోల్డర్‌లో ప్రతి భాగానికీ ఒక స్క్రిప్ట్ ఫైల్ ఉంటుంది, నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే చదువుకోవచ్చు. కాలేజీ పాఠాలకన్నా ముందు నేను చదివిన కోడ్ అదే. ఫలానా చోట కంటికి కనపడని గీత దాటితే ఈ తలుపు కొట్టుకోవాలి, ఈ మూలుగు వినపడాలి, డేనియల్ మతి ఇంత తగ్గాలి అని వరసగా రాసి ఉంటుంది. 'గివ్ శానిటీ డ్యామేజ్' అని ఒక ఫంక్షన్. మేము ఊపిరి బిగబట్టిన చోట్లన్నీ అలా లైన్లలో కనిపించాయి. చదివాక మళ్ళీ ఆడితే భయం పోతుందనుకున్నాను, పోలేదు. పదేళ్ళ సందర్భంగా 2020 సెప్టెంబర్‌లో ఆ గేమ్ ఇంజన్ సోర్స్ కోడ్ మొత్తం బయటపెట్టినప్పుడు, అప్పటికి ఉద్యోగంలో ఉన్నాను, ఒక శనివారమంతా దాన్నే చదువుతూ గడిపాను.

తర్వాత వచ్చినవీ ఆడాను. 2013లో వచ్చిన 'ఎ మెషిన్ ఫర్ పిగ్స్' కథ బాగుంటుంది గానీ అందులో లాంతరుకి నూనె అక్కర్లేదు, ఎప్పటికీ వెలుగుతుంది. వెలుగు ఖర్చవుతుందన్న బెంగ లేకపోతే చీకటికి విలువేముంది? 2023లో వచ్చిన 'ది బంకర్' మాత్రం మళ్ళీ నన్ను పాత కుర్చీలో కూర్చోబెట్టింది. మొదటి ప్రపంచ యుద్ధం, భూమి కింద బంకర్‌లో ఒక్కడే మిగిలిన ఫ్రెంచ్ సైనికుడు. జనరేటర్‌లో పెట్రోల్ ఉన్నంతసేపే లైట్లు. అయిపోతే మొత్తం చీకటి, గోడల్లోంచి అది బయటికొస్తుంది.

మెల్‌బోర్న్‌లో ఉన్న అక్కకి వీడియో కాల్‌లో ఈ సంగతి చెబితే "మన ఇంట్లో ఆడిన ఆటేగా" అని నవ్వింది. అమ్మ నా పక్కనే కూర్చుని బెండకాయలు తరుగుతోంది. "ఆ డేనియల్ కథేనా? పాపం ఆ పిల్లాడు చివరికి బయటపడ్డాడు కదా" అంది. అక్క ఒక్క నిమిషం ఆగి, ఆ చిన్నపిల్ల సంగతి అప్పుడు చెప్పింది.

అమ్మ కత్తిపీట పక్కకి జరిపింది. "ఇదా మీరు అప్పుడు నా దగ్గర దాచింది? నేను రోజూ వాడి గురించే అడిగాను కదే" అంది. తర్వాత చాలా ప్రశ్నలు వేసింది. పిల్లని చంపినప్పుడు వాడు భయంలో ఉన్నాడా, తెలిసే చేశాడా, తర్వాత ఏడ్చాడా అని. అక్క డైరీల్లోవి గుర్తు తెచ్చుకుని చెబుతోంది. నేను మధ్యలో డేనియల్ తరఫున మాట్లాడబోతే ఇద్దరూ కలిసి నన్ను ఆపేశారు. "నువ్వుండు, దాన్ని చెప్పనీ" అంది అమ్మ. నేను ఫోన్ అమ్మ చేతికిచ్చి బెండకాయల పళ్ళెం అందుకున్నాను.